సంచి తీయించుకున్నాం గానీ పరీక్ష చేయించుకోలేదు

(మహిళా సంఘాల సభ్యులు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు పాల్గొన్న ఒక ఆరోగ్య సభలో స్త్రీల వైద్య నిపుణురాలు ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన వారి కోసం రికార్డు విని రాశాము. తడబాట్లను మాత్రమే తీసివేశాము.)

అందరికీ నమస్కారం. ముందుగా మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు పైకి చెప్పనక్కర్లేదు, మనసులో లెక్క వేసుకుంటే చాలు. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ చుట్టాలలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు? లెక్క వేసుకున్నారు కదా. ఇప్పుడు రెండో ప్రశ్న. మీకు తెలిసినవాళ్లలో గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు ఎంతమంది?

మొదటి ప్రశ్నకు చాలామంది వేళ్లు మడుస్తూ పోవడం నాకు ఇక్కడినుంచి కనిపించింది. రెండో ప్రశ్నకు ఆ చేతులు ఆగిపోయాయి. ఇది ఈ ఒక్క హాలులోని సంగతి కాదు. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది ఉన్నారు. అదే సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల వారిలో గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నవారు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. మన రెండు రాష్ట్రాలు కాస్త మెరుగే అయినా నూటికి ఐదుగురిని దాటలేదు. క్యాన్సర్ వస్తుందేమోనన్న భయంతో అవయవాన్నే తీయించుకుంటున్నాం, ఆ క్యాన్సర్ ఉందో లేదో చెప్పే పరీక్ష మాత్రం చేయించుకోవడం లేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు చాలా బాధ కలుగుతుంది. ఈ రోజు నేను వచ్చింది దీని గురించి మాట్లాడడానికే.

మనం "గర్భసంచి క్యాన్సర్" అని ఒకే మాట అనేస్తాం. నిజానికి ఆ మాట వెనక వేరువేరు జబ్బులు ఉన్నాయి. గర్భసంచి బోర్లించిన జామకాయ ఆకారంలో ఉంటుందనుకోండి. పైన వెడల్పుగా ఉన్న భాగంలో బిడ్డ పెరుగుతుంది. దాని లోపలి పొర నెలనెలా ఊడి ముట్టుగా బయటికి వస్తుంది. కింద సన్నగా ఉండి యోనిలోకి దిగిన మెడ లాంటి భాగమే ముఖద్వారం. పైన రెండు పక్కలా రెండు గొట్టాలు, వాటి చివర బాదంకాయంత అండాశయాలు ఉంటాయి. లోపలి పొరకు వచ్చే క్యాన్సర్ వేరు, ముఖద్వారానికి వచ్చేది వేరు, అండాశయాలకు వచ్చేది వేరు. యోనికి, బయటి జననాంగానికి వచ్చేవి మళ్లీ వేరు. కారణాలు వేరు, లక్షణాలు వేరు, కనిపెట్టే పద్ధతి వేరు. ఒకదానికి ముందే పట్టుకునే పరీక్ష ఉంది, ఇంకొకదానికి అలాంటి పరీక్షే లేదు. ఈ తేడా తెలియకపోతే ఎవరు ఏది చెబితే అది నమ్మవలసి వస్తుంది.

ముఖద్వారం గురించి ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాత స్థానం దీనిదే. 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఆ ఒక్క ఏడాదే దాదాపు 1,27,000 మందికి ఈ జబ్బు కొత్తగా వచ్చింది, దాదాపు 80,000 మంది చనిపోయారు. అంటే రోజుకు 200 మందికి పైగా. ఆపగలిగిన జబ్బుతో, అమ్మా, ఆపగలిగిన జబ్బుతో రోజుకు 200 మంది తల్లులు పోతున్నారు.

ఆపగలం అని అంత గట్టిగా ఎలా చెబుతున్నాను? దీని కారణం మనకు తెలుసు కనుక. జర్మనీకి చెందిన హరాల్డ్ జుర్ హాజెన్ అనే శాస్త్రవేత్త బృందం 1983, 84 సంవత్సరాలలో ఈ క్యాన్సర్ గడ్డల్లో హ్యూమన్ పాపిలోమా వైరస్‌ను, అంటే హెచ్‌పీవీ రకాలైన 16ను, 18ని గుర్తించింది. ఆ కృషికి ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరస్‌లో 200కు పైగా రకాలు ఉన్నాయి. వాటిలో ఈ రెండు రకాలే ముఖద్వార క్యాన్సర్లలో 70 శాతానికి కారణం.

ఈ వైరస్ లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. ఈ మాట అనగానే సభలో ఒక నిశ్శబ్దం వస్తుంది, ఇప్పుడూ వచ్చింది. దయచేసి నేను చెప్పేది జాగ్రత్తగా వినండి. పెళ్లయి కాపురం చేస్తున్న స్త్రీపురుషులలో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. జలుబు వైరస్ ఎంత మామూలో ఇదీ అంత మామూలే. ఒకే భర్త, ఒకే భార్య ఉన్న ఇంట్లోనూ వస్తుంది, సోకిన ఇరవై ఏళ్లకు బయటపడవచ్చు. కాబట్టి ఈ జబ్బును చూసి ఎవరి నడవడికనూ తూకం వేయకూడదు. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ, రిపోర్టు చేతిలో పెట్టుకుని, "నేనే తప్పూ చేయలేదు డాక్టరమ్మా" అని ఏడ్చింది. జబ్బు బాధ ఒకటి, ఈ నింద బాధ ఇంకొకటి. ఆ రెండో బాధ పెట్టేది మనమే.

సోకిన పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. మిగిలిన కొద్దిమందిలో వైరస్ తిష్ట వేస్తుంది. ముఖద్వారం దగ్గర రెండు రకాల చర్మపు పొరలు కలిసే గీత ఒకటి ఉంటుంది, అక్కడి కణాలు ఎప్పుడూ మారుతూ ఉంటాయి. వైరస్ అక్కడే చేరి ఆ కణాలను మెల్లమెల్లగా పాడుచేస్తుంది. పొగాకు అలవాటు, హెచ్‌ఐవీ, చిన్న వయసులోనే కాన్పులు, ఎక్కువ కాన్పులు ఈ చెడును పెంచుతాయి. అయినా, పాడైన కణం క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పది పదిహేనేళ్లు పడుతుంది. పది పదిహేనేళ్లు! ఇంత వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ. ఈ వ్యవధిలో ఒక్కసారి చూసినా పాడైన పొర కనిపిస్తుంది. కనిపిస్తే, సంచి ముట్టుకోకుండా, ఆ పొర వరకే వేడితో కాల్చో, సన్నని తీగతో కోసి తీసో ఇంటికి పంపించవచ్చు. చాలామంది అదే రోజు నడిచి ఇంటికి వెళ్లిపోతారు.

ఈ చూడడం మొదలై దాదాపు వందేళ్లు అవుతోంది. గ్రీసులో పుట్టి అమెరికాలో పనిచేసిన పాపనికొలావ్ అనే వైద్యుడు 1928లో మొదటిసారి ఈ సంగతి చెప్పారు. ముఖద్వారం దగ్గరి కణాలను తీసి గాజు పలక మీద పరచి చూస్తే క్యాన్సర్ తెలుస్తుందన్నారు. పాప్ పరీక్ష అన్న పేరు ఆయన పేరునుంచి వచ్చిందే. మన పల్లెలకు అంతకంటే సులువైన పద్ధతి కూడా ఉంది. పచ్చళ్లలో వాడే వెనిగర్ తెలుసు కదా, అలాంటి పలచటి ఆమ్లాన్ని దూదితో ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగితే, పాడైన చోటు తెల్లబడుతుంది. ముంబై మురికివాడల్లో లక్షా యాభై వేల మంది స్త్రీల మీద టాటా మెమోరియల్ ఆస్పత్రి వారు దీన్ని పరీక్షించి చూశారు. చూసింది వైద్యులు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు, అంటే మీలాంటివాళ్లే. రెండేళ్లకొకసారి ఇలా చూస్తే ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2014లో ఫలితం ప్రచురించారు. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 1,31,000 మందితో జరిగిన ఇంకో అధ్యయనం 2009లో వెలువడింది. ముఖద్వారంలో ఆ వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ పరీక్ష జీవితంలో ఒక్కసారి చేసినా మరణాలు సగానికి తగ్గాయని అందులో తేలింది. ఈ అధ్యయనాలు ఎక్కడో కాదు, మన దేశపు పల్లెల్లో, మన దేశపు బస్తీల్లో జరిగాయి. మరి వాటి ఫలం మనకెందుకు అందలేదు?

అందవలసిన చోట మనకు అందుతున్నది వేరేది. తెల్లబట్ట అవుతోందని, నడుము నొప్పి అని, ముట్టు ఎక్కువ అవుతోందని ఒక ముప్ఫై అయిదేళ్ల అమ్మాయి వెళుతుంది. స్కానింగ్ తీస్తారు. "సంచికి పుండు ఉంది, వాపు ఉంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టారు కదా, ఇంకెందుకు" అంటారు. మన ఇళ్లలోనూ అదే మాట అంటాం. పిల్లలు పుట్టాక సంచి ఎందుకు అని అనని అత్తగారు ఉన్నారా? తెల్లబట్ట చాలావరకు ఇన్ఫెక్షన్ వల్ల వస్తుంది, మందులతో తగ్గుతుంది. తెల్లబట్ట పెరిగి క్యాన్సర్ కాదు. అయితే దుర్వాసనతో, రక్తపు చారతో, నీళ్లలా వచ్చే బట్టను, కలయిక తర్వాత కనిపించే రక్తాన్ని, ముట్టుకూ ముట్టుకూ మధ్య కనిపించే ఎరుపును మాత్రం వదిలేయకూడదు. అప్పుడు చేయవలసింది పరీక్ష, అవసరమైతే చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ. ఆపరేషన్ ఆ తర్వాతి మాట.

పరీక్ష లేకుండా ఆపరేషన్ చేస్తే ఏమవుతుందో చెబుతాను, ఇది చాలామందికి తెలియదు. ముఖద్వారంలో నిజంగానే క్యాన్సర్ దాగి ఉందనుకోండి, అది తెలియకుండా మామూలు పద్ధతిలో సంచి తీసేస్తే జబ్బు కొంత లోపలే మిగిలిపోతుంది, ఆ తర్వాత చేసే వైద్యం కష్టమవుతుంది, ఫలితం తగ్గుతుంది. క్యాన్సర్ లేదనుకోండి, అవసరం లేని కోత పడింది. ఆ కోతలో అండాశయాలు కూడా తీసేసి ఉంటే, యాభై దగ్గర రావలసిన మెనోపాజ్, అంటే ముట్లు ఆగే దశ, ముప్ఫై అయిదుకే వస్తుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు, ఇవన్నీ వెంటే వస్తాయి. అదే అండాశయాలు ఉంచితే, వాటికి క్యాన్సర్ వచ్చే అవకాశమూ ఉంటుంది. కొందరికి పై భాగం మాత్రమే తీసి ముఖద్వారం వదిలేస్తారు, వాళ్లు మామూలుగానే పరీక్షలు చేయించుకోవాలి. కనుక సంచి తీసేశారు, ఇక నాకు ఏ భయమూ లేదు అనుకోవడం సరికాదు. మీకు ఏది తీశారో, ఏది ఉంచారో డిశ్చార్జి కాగితం మీద రాసి ఉంటుంది, ఆ కాగితం భద్రంగా దాచుకోండి. కణజాలం పరీక్ష రిపోర్టు కూడా అడిగి తీసుకోండి, అది మీ హక్కు. క్యాన్సర్ భయం చూపి ఆపరేషన్ చేయించుకోమన్నవారిని "ఏ పరీక్షలో తేలిందండీ, ఆ కాగితం ఇవ్వండి, ఇంకొక డాక్టరుకు చూపించుకుంటాను" అని అడగండి. మంచి డాక్టరు ఎవరూ దీనికి నొచ్చుకోరు.

ఇప్పుడు లోపలి పొర క్యాన్సర్. దీని గురించి ఒక్క సంగతి గుర్తుంటే చాలు. ముట్లు ఆగి ఏడాది దాటిన తర్వాత ఒక్క చుక్క ఎరుపు కనిపించినా వైద్యుల దగ్గరికి వెళ్లాలి. ఈ క్యాన్సర్ వచ్చినవారిలో పదికి తొమ్మిది మందికి అలాంటి రక్తస్రావం కనిపిస్తుంది. అట్లా అని రక్తం కనిపించిన అందరికీ క్యాన్సర్ ఉండదు, పదిమందిలో సుమారు ఒకరికి మాత్రమే ఉంటుంది. మిగతావారికి పొర పలచబడడమో, చిన్న పిలక లాంటిదో కారణమవుతుంది. ఆ ఒక్కరు ఎవరో తేలాలంటే అందరూ చూపించుకోవాలి. మన పెద్దవాళ్లు ఏం చేస్తారు? "ఈ వయసులో మళ్లీ ముట్టయ్యానని కోడలికి ఎలా చెప్పను" అని నాలుగు నెలలు దాచిపెడతారు. బరువు ఎక్కువ ఉన్నవారికి, షుగరు ఉన్నవారికి, వయసులో ముట్లు సరిగా రాని పీసీఓఎస్ ఉన్నవారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. స్కానింగ్‌లో పొర మందం చూసి, చిన్న గొట్టంతో ముక్క తీస్తారు. తొలి దశలో దొరికితే ఆపరేషన్‌తోనే చాలామందికి నయమవుతుంది. చూశారా, ఇక్కడ సంచి తీయడం సరైన వైద్యమే. నేను ఆపరేషన్‌కు వ్యతిరేకిని కాదు, కారణం లేని ఆపరేషన్‌కు వ్యతిరేకిని.

అండాశయాల క్యాన్సర్ దగ్గర నేను మీకు ధైర్యం చెప్పే మాటలు ఎక్కువ చెప్పలేను, నిజం చెబుతాను. ఇది లోపల దాగి పెరుగుతుంది, చాలావరకు ముదిరాకే బయటపడుతుంది. తొలి దశలో ఉన్నవారిలో పదికి తొమ్మిది మంది ఐదేళ్లు దాటి బతుకుతారు, కానీ తొలి దశలో దొరికేవారు తక్కువ. లక్షణాలు వచ్చినా అవి మనం రోజూ అనే మాటల్లోనే కలిసిపోతాయి: కడుపు ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండినట్టు ఉండడం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం. మనం గ్యాస్ అనుకుంటాం, గ్యాస్ మాత్ర వేసుకుంటాం. ముఖం, చేతులు చిక్కిపోతుంటే లంగా బొందు మాత్రం పాత ముడి దగ్గర బిగుతు అవుతోందంటే అది గ్యాస్ కాదమ్మా. నలభై అయిదు దాటిన స్త్రీకి ఇలాంటివి కొత్తగా మొదలై రెండు మూడు వారాలపాటు దాదాపు రోజూ ఉంటే, పొట్ట స్కానింగ్, సీఏ-125 అనే రక్త పరీక్ష చేయించాలి.

అయితే ఏ లక్షణాలూ లేనివాళ్లం ఏటా ఈ పరీక్షలు చేయించుకుంటే ముందే దొరుకుతుంది కదా, అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా స్త్రీలతో ఇరవై ఏళ్లపాటు సరిగ్గా ఇదే చూశారు. ఏటా పరీక్షలు చేసినా మరణాలు తగ్గలేదని 2021లో తేల్చారు. కాబట్టి హెల్త్ ప్యాకేజీలో ఈ పరీక్ష ఉందని డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. కుటుంబ చరిత్ర ఉన్నవారి సంగతి మాత్రం వేరు. తల్లికో, అక్కచెల్లెళ్లకో, మేనత్తకో రొమ్ము క్యాన్సర్ గానీ అండాశయ క్యాన్సర్ గానీ వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి. మేనత్త అని ఎందుకన్నానంటే, ఈ జన్యులోపం తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది. సాధారణంగా నూటికి ఒకరికి వచ్చే ఈ జబ్బు, బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం ఉన్నవారిలో నూటికి నలభై మందికి రావచ్చు. అలాంటివారికి పిల్లలు పుట్టాక అండాశయాలు, గొట్టాలు ముందే తీయమని మేమే సలహా ఇస్తాం.

బయటి జననాంగం క్యాన్సర్ అరుదు, ఎక్కువగా పెద్ద వయసువారిలో వస్తుంది. నెలల తరబడి తగ్గని దురద, తెల్లటి మచ్చ, మానని పుండు ఉంటే పూతమందులతో సరిపెట్టుకోకుండా చూపించుకోండి. యోని క్యాన్సర్ ఇంకా అరుదు.

ఇంకొకటి ఉంది, అరుదైనదే అయినా దాని గురించి చెప్పకుండా ఉండలేను. ముత్యాల గర్భం అని మీరు వినే ఉంటారు, బిడ్డకు బదులు ద్రాక్షగుత్తిలా నీటి బుడగలు పెరుగుతాయి. అది తీసేశాక కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. ఒకప్పుడు అది ఊపిరితిత్తులకు పాకితే ఆశ వదులుకునేవారు. 1956లో అమెరికాలో లీ, హెర్ట్జ్ అనే వైద్యులు మెథోట్రెక్సేట్ అనే ఒక్క మందుతో దాన్ని నయం చేశారు. గడ్డగా పెరిగి ఒళ్లంతా పాకిన క్యాన్సర్ మందుతోనే నయం కావడం అదే మొదటిసారి. ఆ మందు తయారైన లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించింది ఎవరో తెలుసా? 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1948లోనే ఆయన కన్నుమూశారు, ఈ ఫలితం చూడలేదు. ఇప్పటికీ మేము ఆ మందే వాడుతున్నాం, దాదాపు అందరూ కోలుకుంటున్నారు, తర్వాత పిల్లల్నీ కంటున్నారు. ఒక్కటే జాగ్రత్త: ముత్యాల గర్భం తీయించుకున్నాక డాక్టరు చెప్పినన్నాళ్లు రక్తంలో హార్మోను పరీక్ష చేయించుకోవాలి, వారు సరే అనేవరకు మళ్లీ గర్భం రాకుండా చూసుకోవాలి.

వైద్యం గురించి రెండు మాటలు. ముఖద్వార క్యాన్సర్ కాస్త ముదిరితే కరెంటు పెడతారని మీరంటారే, ఆ రేడియేషన్, దానితోపాటు వారానికొకసారి సిస్ప్లాటిన్ అనే మందు ఇస్తారు. బయటినుంచి కరెంటు అయ్యాక లోపలినుంచి కూడా పెడతారు. ఇదంతా ఎనిమిది వారాల లోపు పూర్తి కావాలి. ఈ ఎనిమిది వారాల మాట ఆశా అక్కలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. రక్తం ఆగింది, నొప్పి తగ్గింది, నాట్లు పడ్డాయి అని మధ్యలో ఊరికి వచ్చేసినవాళ్లను నేను చూశాను. మధ్యలో ఆపిన కరెంటు పూర్తిగా పనిచేయదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో, విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలో వైద్యం దొరుకుతుంది, ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తిస్తుంది. మీ ఊరినుంచి ఎవరైనా వెళితే ఎన్ని వారాలు అయ్యాయో మీరు లెక్క పెట్టండి.

టీకా గురించి అడుగుతారని తెలుసు, ఖమ్మం సంగతి కూడా అడుగుతారని తెలుసు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు ఒక అధ్యయనంలో భాగంగా ఈ హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తతో 2010లో ఆపేశారు. విచారణ జరిపిన కమిటీ ఆ మరణాలకు టీకా కారణంగా కనిపించడం లేదని చెప్పింది. కానీ హాస్టళ్లలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారన్నది నిజం. అది పెద్ద తప్పు. గిరిజన తల్లికి కూతురి చేతికి ఏం వేస్తున్నారో చెప్పకపోవడాన్ని నేను ఎప్పటికీ సమర్థించను. ఆ రోజు నుంచి మన దగ్గర టీకా అంటే అనుమానం మిగిలిపోయింది.

ఆ తర్వాత జరిగింది కూడా వినండి. ఆ నిలుపుదలతో దేశంలో జరుగుతున్న మరో అధ్యయనం కూడా ఆగిపోయింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆస్పత్రి కూడా అందులో ఒక కేంద్రం. రెండు మూడు డోసులు వేయవలసిన బాలికల్లో వేలమందికి ఒక్క డోసే పడింది. వాళ్లను పదేళ్లపాటు వదలకుండా గమనించారు. ఒక్క డోసు కూడా 16, 18 రకాల నుంచి దాదాపు పూర్తి రక్షణ ఇస్తోందని 2021లో ప్రకటించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క డోసు చాలునని చెప్పడానికి ఉన్న ఆధారాలలో ఆ మన ఆడపిల్లలు కూడా ఉన్నారు. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకే టీకా పూర్తిగా వేయించుకున్న పిల్లలు పెద్దయ్యాక వారిలో ఒక్కరికి కూడా ముఖద్వార క్యాన్సర్ రాలేదని 2024లో తేలింది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన దేశీయ టీకాకు 2022లో అనుమతి వచ్చింది. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించడం మేలు, అంటే వైరస్ సోకే అవకాశం రాకముందే. వేయించేముందు చదివి, అడిగి, అర్థం చేసుకుని, తల్లిదండ్రులే సంతకం పెట్టండి. టీకా వేసుకున్న పిల్లలు కూడా ముప్ఫై దాటాక పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే టీకా అన్ని రకాలను ఆపదు.

ఇక పరీక్ష సంగతి. 30 నుంచి 65 ఏళ్ల వారికి ఐదేళ్లకొకసారి చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఈ రోజు పక్క గదిలో ఏర్పాట్లు ఉన్నాయి. తెర కట్టి ఉంది, లోపల ఉండేది ఆడవాళ్లే. పడుకుని మోకాళ్లు మడవాలి, లోపలి భాగం కనిపించేలా ఒక పరికరం పెడతారు, కొంచెం ఒత్తిడిగా ఉంటుంది, కోత లేదు, సూది లేదు. మందు అద్ది ఒక నిమిషం చూస్తారు. మొత్తం ఐదు నిమిషాల పని. ముట్లు ఆగిపోయినవారిలో, ముఖద్వారం దగ్గర రెండు పొరలు కలుస్తాయన్న ఆ గీత లోపలికి వెళ్లిపోతుంది కనుక వెనిగర్ పరీక్షలో సరిగా కనిపించదు, వారికి హెచ్‌పీవీ పరీక్షకు నమూనా తీసి పంపుతాం. ఇప్పుడు ముట్టులో ఉన్నవాళ్లు, గర్భిణులు పేరు, ఫోను నంబరు ఇచ్చి వెళ్లండి, తర్వాత పిలుస్తాం. తెల్లబడింది అని చెబితే క్యాన్సర్ అని అర్థం కాదు, ఇంకొకసారి దగ్గరగా చూడాలి అని మాత్రమే అర్థం. చూసి ఏమీ లేకపోతే ఐదేళ్ల తర్వాతి తేదీ కార్డు మీద రాసి ఇస్తారు. ఆశా అక్కలు, అంగన్‌వాడీ టీచర్లు ముందు రండి, మీరు వెళ్లి వచ్చాక ఎలా ఉందో మిగతావాళ్లకు మీరే చెబుదురు గాని.